దూరం ఎవరి పద్దులో?

2012 ఆగస్టులో ఒక మధ్యాహ్నం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో నిలబడి మా ఇంటి దస్తావేజు మొదటిసారి పూర్తిగా చదివాను. హైదరాబాదుకి పడమట, కొల్లూరు దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డుకి అవతల కడుతున్న ఒక గేటెడ్ కమ్యూనిటీలో 167 గజాల స్థలం, అందులో రెండంతస్తుల ఇల్లు. మా రెండు కుటుంబాల్లో బ్యాంకు అప్పుతో ఇల్లు కొన్న మొదటివాళ్ళం మేమే. కొనుగోలుదారులుగా రెండు పేర్లున్నాయి. మొదటిది నా సహచరుడిది. సన్ ఆఫ్ ఫలానా, ఆక్యుపేషన్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్. రెండోది నాది. వైఫ్ ఆఫ్ ఫలానా, ఆక్యుపేషన్ హౌస్‌వైఫ్.

"నేను డిగ్రీ కాలేజీలో హిస్టరీ లెక్చరర్నండీ, ఇక్కడ తప్పు పడింది" అన్నాను దస్తావేజు రాసినాయనతో. ఆయన కళ్ళజోడు సవరించుకుని, "లేడీస్‌కి అందరికీ అదే వేస్తామమ్మా. రిజిస్ట్రేషన్‌కేం అడ్డం రాదు" అన్నాడు. అప్పటికే ఒంటిగంట కావస్తోంది. "మళ్ళీ టైపు చేయించాలంటే లంచ్ అయిపోతుంది, పోనీలే" అన్నాడు నా సహచరుడు. పోనిచ్చాను. ఫొటో దిగి, బొటనవేలి ముద్ర వేసి, ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టాను.

అంతకు నెల ముందే అప్పిచ్చే బ్యాంకు నా ఆర్నెల్ల జీతం కాగితాలు అడిగి తీసుకుంది. అతనొక్కడి జీతం మీద మాకు కావలసినంత అప్పు పుట్టదని, నా జీతం కూడా కలిపితేనే ఇరవై ఏళ్ళ వాయిదాలకి లెక్క కుదురుతుందని తేల్చింది. అంటే అప్పు తీర్చడానికి నేను లెక్చరర్ని. హక్కుదారుగా నమోదు కావడానికి మాత్రం గృహిణిని! ఆ రోజు నవ్వుకుని వూరుకున్నాను. తర్వాత చాలాసార్లు నవ్వు రాలేదు.

చరిత్ర చెప్పుకుని బతికేదాన్ని కనుక నాకు కాగితాల మీద గురి ఎక్కువ. వాటిలో ఏం రాశారన్నదాని కంటే ఏం రాయలేదన్నదే ఎక్కువ చెప్తుందని మా పిల్లలకి ప్రతి ఏడూ చెప్తుంటాను. నగరం వదిలి కొత్త ఇంటికి పోవడమనే ఈ మధ్యతరగతి ప్రయాణంలో ఎన్ని కాగితాలు పుడతాయో! బ్రోచర్, అప్పు ఒప్పందం, దస్తావేజు, అసోసియేషన్ నిబంధనలు. వీటన్నిటిలో స్త్రీ ఎక్కడ వుంది అని వెతుక్కుంటూ రాస్తున్నదే ఈ వ్యాసం.

ముందు మేం ఎందుకు కదిలామో చెప్పాలి. పెళ్ళయిన దగ్గర్నుంచీ విద్యానగర్‌లో రెండు గదుల పోర్షన్‌లో అద్దెకున్నాం. నీళ్ళు రోజు విడిచి రోజు. చుట్టాలొస్తే ఇంటి ఓనరు ఆంటీ మొహం మాడ్చుకునేది. ఏటా అద్దె పెరిగేది. పిల్లవాడికి ఏడేళ్ళొచ్చాయి, అత్తగారు మా దగ్గరికి వచ్చేశారు. సిటీలో మా డబ్బుకి పాత అపార్ట్‌మెంటులో డబుల్ బెడ్‌రూమ్ వచ్చేది. అదే డబ్బు కొంచెం పెంచితే ఔటర్ అవతల పెరడున్న ఇల్లు వస్తుంది. ఎవరైనా ఏం చేస్తారు? మేమూ అదే చేశాం. పెరట్లో కరివేపాకు చెట్టు, మేడమీద గదిలో నా పుస్తకాలు... నాకూ ఆశ వుంది. ఎవరో నన్ను లాక్కెళ్ళారని చెప్పుకుంటే అబద్ధమవుతుంది.

కానీ బ్రోచర్ వెనక అట్ట మీద ఒక పటం వుండేది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ 20 నిమిషాలు, ఎయిర్‌పోర్టు 35 నిమిషాలు, ఇంటర్నేషనల్ స్కూలు 10 నిమిషాలు. అతని ఆఫీసు నానక్‌రామ్‌గూడలో. నా కాలేజీ కోఠి దగ్గర. ఆ పటంలో కోఠి లేదు. అప్పుడది నాకు తట్టనైనా తట్టలేదు. దూరాన్ని అతని ఆఫీసు నుంచి కొలవడం అంత సహజంగా జరిగిపోయింది.

హైదరాబాదు బయటికి పెరగడం కొత్తేమీ కాదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని మింగేశాక, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలను తీసేసి, గాలీ వెలుతురూ వచ్చేలా కొత్త ఇళ్ళ వరసలు కట్టింది. ఆ బోర్డు మీదే నేను పీహెచ్‌డీ మొదలుపెట్టాను. బోర్డు కాగితాల్లో రోడ్డు వెడల్పు, మురుగుకాలవ వాలు, నష్టపరిహారం అన్నీ కనిపించేవి. ఇల్లు కూల్చినప్పుడు పొయ్యి ఎక్కడికి మారింది, నీళ్ళబావి ఎంత దూరమైంది అన్న సంగతి నేను చూసినంతలో ఎక్కడా తగల్లేదు. అదే నా పరిశోధన ప్రశ్న. రికార్డులు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో వుండేవి. విద్యానగర్ నుంచి అది బస్సులో పావుగంట.

తర్వాతి అల ఫ్యాక్టరీలది. 1960ల్లో నగరం అంచుల్లో ప్రభుత్వరంగ పరిశ్రమలు వచ్చాయి, వాటి చుట్టూ టౌన్‌షిప్‌లు వచ్చాయి. నేను పుట్టి పెరిగింది రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ టౌన్‌షిప్‌లోనే. ఇప్పటి మా ఇంటికి అదెంతో దూరం కాదు. నాన్న సైకిలు మీద ఫ్యాక్టరీకి వెళ్ళి, తొక్కుకుంటూ తిరిగొచ్చేవాడు. బడి, ఆసుపత్రి, కూరగాయల బజారు, అన్నీ నడిచే దూరంలో. ఇప్పుడు తలుచుకుంటే ఆ అమరిక ఎంత గొప్పదో అనిపిస్తుంది. అయితే ఆ క్వార్టరు నాన్న ఉద్యోగానికి ఇచ్చింది, రిటైరయితే ఖాళీ చేయాల్సింది. ఇరవై ఎనిమిదేళ్ళు అలికి, ముగ్గేసి, మల్లెపందిరి పాకించిన ఇంట్లో అమ్మ ఒక ఉద్యోగి తాలూకు మనిషి, అంతే.

అదే కాలంలో సహకార గృహనిర్మాణ సంఘాలు, హౌసింగ్ బోర్డు కాలనీలు. 1980ల్లో కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ ఆదాయ తరగతుల వారీగా, ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అంటూ వెలిసింది. నగరమంతా తిరిగి కాలనీల పేర్లు చదవండి. ఎన్జీవోస్ కాలనీ, బ్యాంకు కాలనీ, ఎల్ఐసీ కాలనీ, ఏజీ కాలనీ. ఉద్యోగాల పేర్లు అవి, ఆ రోజుల్లో ఎక్కువగా మగవాళ్ళ ఉద్యోగాల పేర్లు. ఆ ఇళ్ళలో వుండే ఆడవాళ్ళు చిరునామా చెప్పినప్పుడల్లా భర్త ఆఫీసు పేరు చెప్పేవాళ్ళు.

1977లో హెచ్‌డీఎఫ్‌సీ, 1988లో నేషనల్ హౌసింగ్ బ్యాంకు ఏర్పడి, ఇల్లు కొనడానికి అప్పు దొరకడం నెమ్మదిగా మామూలైంది. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక నగరం పడమటికి ఒరిగింది. 2008లో 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డులో మొదటి భాగం మొదలయ్యాక పొలాల మధ్య ఆర్చీలు లేచాయి. ఉద్యోగాల పేర్లు పోయి ఇటలీ కొండల పేర్లూ, ఇంగ్లీషు పూలతోటల పేర్లూ వచ్చాయి. ఇక్కడి నుంచే మా కథ.

చేరిన మొదటి సంవత్సరమే నాకు ఈ కథ ఎక్కడో చదివినట్టు అనిపించింది. ఫైనల్ ఇయర్ పిల్లలకి యుద్ధానంతర అమెరికా చెప్తూ లెవిట్‌టౌన్ దగ్గర ఆగిపోయాను. 1947లో న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో బంగాళాదుంప పొలాల మీద లెవిట్ కుటుంబపు కంపెనీ ఒకే మూసలో ఇళ్ళు కట్టడం మొదలుపెట్టింది. 1951కల్లా 17,447 ఇళ్ళు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి 1944 నాటి చట్టం కింద ప్రభుత్వ హామీతో అప్పులు. జీవితంలో మొదటిసారి సొంత ఇల్లు. పొద్దున్నే మగవాళ్ళు నగరానికి పోయేవారు, ఆడవాళ్ళు పిల్లలతో మిగిలిపోయేవారు. 1963లో బెట్టీ ఫ్రీడన్ రాసిన 'ఫెమినైన్ మిస్టిక్'లో పేరు పెట్టలేని అసంతృప్తితో కనిపించేది ఇలాంటి ఇళ్ళ గృహిణులే.

లెవిట్‌టౌన్ నియమాల్లో రెండు నన్ను వదల్లేదు. ఒకటి, సెలవురోజుల్లో బయట బట్టలు ఆరేయకూడదు. మా అసోసియేషన్ నిబంధనల్లోనూ వీధివైపు బట్టలు కనపడకూడదని వుంది. బట్టలు వుతకాలి, కానీ వుతుకుతున్నట్టు తెలియకూడదు! రెండోది, తెల్లవాళ్ళు కానివాళ్ళు ఈ ఇళ్ళలో వుండకూడదు, ఇంటిపనివాళ్ళుగా అయితే వుండచ్చు. ఇలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని 1948లోనే అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 1957లో పెన్సిల్వేనియాలోని మరో లెవిట్‌టౌన్‌లో డైసీ మైయర్స్ అనే నల్లజాతి స్త్రీ భర్తా పిల్లలతో ఇల్లు కొనుక్కుని దిగితే గుంపులు చేరి రాళ్ళు రువ్వారు. ఫ్రీడన్ పుస్తకంలో ఆ ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు ఎక్కడున్నారని 1984లో బెల్ హుక్స్ అడిగిన ప్రశ్న అందుకే అంత పదునైనది.

డబ్బు సంగతికొస్తే, ఆ కాలంలో అమెరికాలో ఇంటి అప్పుకి భార్య జీతాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకునేవారు కాదు. ఆమె ఎప్పుడు గర్భం దాలుస్తుందో, ఎప్పుడు ఉద్యోగం మానేస్తుందో అని భయం. పిల్లలు కనబోమని డాక్టరు దగ్గర కాగితం తెమ్మన్న సందర్భాలూ వున్నాయి. 1974లో అప్పుల విషయంలో స్త్రీ పురుష వివక్ష, వైవాహిక స్థితిని బట్టి వివక్ష కూడదని చట్టం వచ్చేదాకా ఇదే తంతు. ఆ చట్టం కోసం పోరాడిన ఆడవాళ్ళకి చేతులెత్తి నమస్కరించాలి. కానీ అక్కణ్ణించి నా దస్తావేజు దాకా వచ్చి చూస్తే ఏం కనిపిస్తోంది? భార్య సంపాదన లెక్కలోకి రాని కాలం పోయింది, ఆమె సంపాదన లేకపోతే ఇల్లే రాని కాలం వచ్చింది. ఆ సంపాదన తేవడానికి ఆమె ఇంటికీ పనికీ మధ్య ఎన్ని గంటలు పారబోస్తుందో మాత్రం అప్పుడూ ఎవరూ లెక్కించలేదు, ఇప్పుడూ లెక్కించడం లేదు.

ఆస్తిలో పేరు విషయానికి వస్తే మా ఇంటి చరిత్రే చాలు. 1984లో అమ్మ చీటీ పాడిన డబ్బుతో చందానగర్‌లో చిన్న ప్లాటు కొన్నారు. టాక్సు సౌలభ్యం కోసం అమ్మ పేరుతో రిజిస్టరు చేశారు. భార్య పేరుతో కొన్న ఆస్తి, వేరేగా రుజువు కానంతవరకు, ఆమె మేలుకోసం కొన్నట్టే భావించాలని 1988 నాటి బినామీ చట్టం చెప్పింది. చట్టం అలా భావించింది కానీ మా ఇంట్లో ఎవరూ భావించలేదు. 1996లో అన్నయ్య అమెరికా చదువుకి ఆ ప్లాటు అమ్మారు. నాన్న కాగితాలు తెచ్చాడు, అమ్మ వంటింట్లోంచి చేయి తుడుచుకుంటూ వచ్చి సంతకం పెట్టింది. ఎంతకి అమ్మారని కూడా అడగలేదు.

ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి సమాన హక్కు ఇచ్చిన మొదటి రాష్ట్రాల్లో మనది ఒకటి. 1986లో చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే అప్పటికే పెళ్ళయిన ఆడపిల్లలకి అది వర్తించలేదు. 1968లో పెళ్ళయిన అమ్మకి అలా తప్పిపోయింది. నాకు వర్తించింది. తెనాలి దగ్గర నాన్న వైపు రెండెకరాలు 2006లో అమ్మినప్పుడు నేను హక్కు వదులుకుంటూ సంతకం చేశాను. "అన్నయ్య అప్పుల్లో వున్నాడమ్మా. రేపు నీకు పుట్టిల్లంటూ వుండద్దూ?" అంది అమ్మ. కాలేజీలో ఆ చట్టాన్ని గురించి ఎంత గొప్పగా పాఠం చెప్పేదాన్నో! ఆరేళ్ళ తర్వాత ఇంటికి అడ్వాన్సు కట్టాల్సి వచ్చినప్పుడు నా బంగారం అమ్మాం. దస్తావేజులో ఇద్దరి పేర్లూ పెట్టడానికి కారణం కూడా నా సమానత్వ భావాలు కాదు. ఇద్దరూ హక్కుదార్లయి ఇద్దరూ అప్పు కడితే వడ్డీ మీద పన్ను మినహాయింపు ఆ రోజుల్లో ఇద్దరికీ విడివిడిగా దొరికేది. ఆడిటరు సలహా అది.

2014 జూన్‌లో గృహప్రవేశం. కాలేజీ తెరిచిన మొదటిరోజు ఏడుంపావుకి ఇంట్లోంచి బయటపడ్డాను. షేర్ ఆటోలో లింగంపల్లి, అక్కణ్ణించి ఎంఎంటీఎస్‌లో నాంపల్లి, అక్కణ్ణించి సిటీ బస్సులో కోఠి. వెళ్ళడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు. 2003లో మొదలైన ఆ లోకల్ రైలే నాలాంటి వాళ్ళకి దిక్కు. లేడీస్ కంపార్ట్‌మెంటులో కూరగాయలు తరుక్కునేవాళ్ళు, పిల్లల హోంవర్కు ఫోన్లో చెప్పేవాళ్ళు, నిలబడే నిద్రపోయేవాళ్ళు. 2018 సెప్టెంబరులో మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో పూర్తయ్యాక ఓ అరగంట కలిసొచ్చింది. అతను మాత్రం మొదటిరోజు నుంచీ కారులో ఇరవై నిమిషాల్లో ఆఫీసుకి వెళ్ళాడు.

"స్కూటీ కొనుక్కోరాదూ?" అన్నారు అందరూ. ఔటర్ ప్రధాన రోడ్డు మీద రెండు చక్రాల బళ్ళకి అనుమతి లేదు. మాకు వున్నది ఒకటే కారు. మిగిలింది సర్వీసు రోడ్డు, చాలాచోట్ల దీపాలుండవు. 2019 నవంబరులో శంషాబాద్ టోల్‌ప్లాజా దగ్గర స్కూటీ ఆపి వెళ్ళిన పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం అందరికీ తెలుసు. ఆ వారమంతా మా కాలనీ వాట్సప్ గ్రూపులో ఆడవాళ్ళు చీకటి పడకముందే ఇంటికి చేరాలన్న సలహాలే. డిసెంబరు 6న నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపారన్న వార్త వచ్చాక చప్పట్ల బొమ్మలు. సర్వీసు రోడ్డుకి దీపాలు పెట్టించమని అడుగుదాం అని నేను రాసిన మెసేజికి ఒక్కరు కూడా బదులివ్వలేదు.

రైలెక్కడానికి ముందు, దిగిన తర్వాత ఇంటిపని ఎలాగూ వుంది. 2024 జాతీయ సమయ వినియోగ సర్వేలో, ఇంటివాళ్ళ కోసం జీతం లేని పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు అందులో గడుపుతున్నారని తేలింది. అతను చెడ్డవాడేమీ కాదు. పిల్లవాణ్ణి చదివించేవాడు, గిన్నెలు తోమేవాడు. కానీ ఆరుంబావుకి ఇంట్లో వుండగలిగిన మనిషి ఏడింటికి చేరే మనిషి కోసం కుక్కర్ పెట్టడం అలవాటు కావడానికి మాకు నాలుగేళ్ళ గొడవలు పట్టాయి. ఆ సమయమంతా అత్తగారు మోశారు. డెబ్భై ఏళ్ళ మోకాళ్ళతో మేడమెట్లు ఎక్కుతూ దిగుతూ.

ఈ మధ్యలో నా పరిశోధన పోయింది. ఆర్కైవ్స్ తెరిచి వుండే వేళలు ఆఫీసు వేళలు. పాఠాలయ్యాక తార్నాక వెళ్తే ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర. సెలవు పెట్టి వెళ్తే ఫైలు దొరికేసరికి మధ్యాహ్నం. 2017లో రిజిస్ట్రేషన్ గడువు ముగిసిపోయింది. గైడు ఫోన్ చేసి "ఏమ్మా, వదిలేశావా?" అంటే "సిటీకి దూరమయ్యాం మేడమ్" అన్నాను. మేడమీద పుస్తకాల గది అలాగే వుంది. అందులో కూర్చున్న గంటలు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు.

ఉద్యోగం మానేద్దామా అని ఒక్కసారి కాదు, పదిసార్లు అనుకున్నాను. "నీ ఇష్టం" అనేవాడతను. కానీ నెలనెలా ఐదో తారీఖున కోసుకునే వాయిదాకి నా ఇష్టంతో పనిలేదు. పూర్వం మధ్యతరగతి స్త్రీ ఉద్యోగం చేయడానికి అనుమతి అడిగేది. నేను మానడానికి బ్యాంకు అనుమతి అడగాల్సిన స్థితి. రెండింటిలో స్వేచ్ఛ ఏదో మీరే చెప్పండి.

2017లో మేం కొందరు ఆడవాళ్ళం కలిసి క్లబ్‌హౌస్‌లో ఒక గది శిశువిహారానికి ఇవ్వమని అసోసియేషన్‌ని అడిగాం. ఆ ఏడాదే, యాభైమందీ అంతకు పైబడీ పనిచేసే చోట క్రెష్ వుండాలని ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. పనిచేసే చోట సరే, నివసించే చోట? మా క్లబ్‌హౌస్‌లో జిమ్, ఈతకొలను, బిలియర్డ్స్ బల్ల, పేకాట గది వున్నాయి. "పిల్లల్ని చూసుకోడానికి ఇళ్ళల్లో అమ్మమ్మలూ నాయనమ్మలూ వున్నారు కదా" అన్నాడొక పెద్దమనిషి. అందరూ నవ్వారు. ఆ రాత్రి డొలోరెస్ హేడెన్ 1980లో రాసిన వ్యాసం మళ్ళీ తీసి చదివాను. నలభై కుటుంబాలు కంచెలు తీసేసి, పిల్లల బడి, వంట, బట్టల వుతుకు, ప్రయాణపు బండి పంచుకుంటే పొరుగు ఎలా వుంటుందో ఆవిడ గీసి చూపించింది. మాకు పంచుకోవడానికి ఈతకొలను వుంది, వంటిల్లు లేదు.

ఇప్పటిదాకా నా కష్టం చెప్పాను. నేను ఎవరి మీద నిలబడి చెప్తున్నానో కూడా చెప్పాలి. మా ఇంట్లో అంట్లు తోమే అక్క పక్క వూరావిడ. ఒకరోజు క్లబ్‌హౌస్ వైపు చేయి చూపించి, "గా నీళ్ళగుంత ఉన్నకాడ మా చెల్క ఉండె మేడమ్. జొన్న, కంది ఏసేటోళ్ళం. పదేండ్లు కలుపు నేనే తీసిన. పట్టా మా మామ పేరు మీద ఉండె, ఆయిన అమ్మిండు. నాకైతే లారీలు ఒచ్చినంకనే ఎరుకైంది" అంది. నీళ్ళగుంత అంటే ఈతకొలను. పట్టాదారు పాసుపుస్తకంలో ఆమె పేరు ఎన్నడూ లేదు. ఆమె కలుపు తీసిన భూమే నా దస్తావేజులో సర్వే నంబరు. ఇప్పుడు ఆ భూమిలోకే ఆమె పక్కగేటులోంచి, వేలిముద్ర వేసి, వెళ్ళేటప్పుడు సంచీ తెరిచి చూపించి వస్తూపోతూ వుంటుంది. లెవిట్‌టౌన్‌లో పనివాళ్ళకి మాత్రమే ఇచ్చిన మినహాయింపు ఎంతో దూరంలో లేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు పనివాళ్ళను లోపలికి రానివ్వకూడదని అసోసియేషన్ కమిటీ తీర్మానం చేసింది. అప్పుడు నేను కమిటీలో వున్నాను. ఆ రోజుల్లో రాకపోకలు ఆపడం అర్థమవుతుంది. కానీ రానన్ని నెలలూ జీతం ఇవ్వాలని కూడా తీర్మానంలో రాద్దామని నోటిదాకా వచ్చిన మాట అనలేదు. మా ఇంట్లో ఇచ్చాను, అంతటితో నా మనసు కుదుటపరచుకున్నాను. చాలా ఇళ్ళలో ఇవ్వలేదు. నా దస్తావేజులో నా పని రాయలేదని బాధపడినదాన్ని, ఆమె జీతం తీర్మానంలోకి రాకుండా వుండటానికి నా మౌనమూ ఒక సంతకం.

ఎంఎంటీఎస్ ఏడాదికి పైగా ఆగిపోయింది, 2021 జూన్‌లో మళ్ళీ మొదలైంది. ఆ ఖాళీలో ఒకరోజు ఆన్‌లైన్ క్లాసు ముగిశాక కాగితం తీసుకుని లెక్కవేశాను. 2014 నుంచి ఆరేళ్ళు, ఏడాదికి సుమారు 220 పనిదినాలు, ముందు రోజుకి నాలుగు గంటలు, మెట్రో వచ్చాక మూడున్నర. దాదాపు 5,000 గంటలు. రాత్రీ పగలూ కలిపితే 208 రోజులు. ఎనిమిది గంటల పనిదినాలుగా చూస్తే 625. ఒక సిద్ధాంత గ్రంథం రాసి, దిద్ది, మళ్ళీ రాయడానికి చాలినంత. ఆ కాగితం అతనికి చూపించాను. చాలాసేపు చూసి, "ఇది ఇంటి ధరలో కలపలేదు మనం" అన్నాడు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో నేను విన్న మంచి మాటల్లో అదొకటి.

2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ప్రయాణం ఉచితమైంది. మా అక్క జీరో టికెట్టు మీద నెలకోసారి సంగారెడ్డిలో వాళ్ళమ్మను చూసొస్తోంది. అంతకుముందు ఏడాదికి రెండుసార్లు. దూరం ఖర్చు ఎవరో ఒకరు భరిస్తే ఆడవాళ్ళ జీవితంలో ఏం మారుతుందో చూపించడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు. దీన్ని ఎగతాళి చేసేవాళ్ళు ఔటర్ రింగ్ రోడ్డు ఎవరి సౌకర్యం కోసం వేశారో ఒకసారి ఆలోచించాలి.

ఇల్లలుకుతూ పేరు మరిచిపోయిన ఈగ కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. పి. సత్యవతిగారు ఆ ఈగను స్త్రీని చేసి 'ఇల్లలకగానే' కథ రాశారు. నా పేరు నేను మరిచిపోలేదు, దస్తావేజులో స్పష్టంగా వుంది. పోయింది నా పని. ఈమధ్య వాకబు చేశాను. అచ్చుతప్పులు దిద్దడానికి సవరణ దస్తావేజు అని ఒకటి వుంటుందట. అమ్మినవాళ్ళు కూడా వచ్చి సంతకం చేయాలట. "ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడెందుకు?" అని అతను అడగలేదు. ఏ రోజు సెలవు పెట్టాలో చెప్పమన్నాడు.

సవరణలో ఆక్యుపేషన్ గడి దగ్గర లెక్చరర్ అని రాయిస్తాను. ప్రయాణానికి ఆ కాగితంలో గడి లేదు. పట్టా ఎక్కని చెలకలో పదేళ్ళు తీసిన కలుపుకీ లేదు. తార్నాకకి వెళ్ళడం మళ్ళీ మొదలుపెట్టాను, రెండు శనివారాలకొకసారి. పాత ప్రశ్నే, పొయ్యి ఎక్కడికి మారింది, బావి ఎంత దూరమైంది అని. ఇప్పుడు ఆ ప్రశ్న ఎందుకు అడుగుతున్నానో నాకు కొంచెం బాగా తెలుసు.